రూపాయికి ఎన్నణాలు

పద్మారావునగర్, సికింద్రాబాద్
28 డిసెంబరు 2025

చిరంజీవి కోడలు పిల్లకు,

ఇక్కడ మేమంతా క్షేమం. తాతయ్య మోకాళ్ల నొప్పులు చలికి కాస్త ఎక్కువయ్యాయి, అంతే.

నీ మెసేజ్ చూశాను. బోనస్ పడింది, న్యూ ఇయర్ ఆఫర్లలో లాప్‌టాప్, ఫోన్ రెండూ మార్చేస్తాను, ఏమంటావు అని అడిగావు. నేననేది ఇది: లాప్‌టాప్ ఇప్పుడే కొను, ఫోన్ జోలికి పోకు. ఈ మాత్రానికి ఉత్తరమెందుకు, ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో అయితే "సరే అత్తా, సరే అత్తా" అంటూ పక్కన ఇంకో పని చేసుకుంటావు. పైగా డిసెంబరు ఆఖరి వారంలో కూర్చుని, పోయిన ఏడాది ఏ వస్తువు ఏ గతి పట్టిందో, వచ్చే ఏడాది ఏమవుతుందో రాసుకోవడం రైల్వే రిజర్వేషన్ ఆఫీసులో పనిచేసే రోజుల నుంచీ నాకు అలవాటు. జోస్యం చెప్పినప్పుడల్లా పక్కన రూపాయికి ఎన్నణాలు నమ్మకమో వేసుకుంటాను. పదహారణాలు ఎప్పుడూ వేయను. ఈసారి ఆ రాతంతా నీకే పంపుతున్నాను.

ముందు లాప్‌టాప్ సంగతి. పోయిన వారం పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాను. మీరంతా ఆన్‌లైన్లో కొంటారు కానీ, నాకు మాత్రం సీటీసీ మెట్లెక్కి నాలుగు కౌంటర్లు తిరిగితేనే గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది. ర్యామ్ రేటు అడిగాను. కౌంటర్ మీదున్న అబ్బాయి హోల్‌సేల్ వాళ్లకు ఫోన్ చేసి కనుక్కుని, "ఆంటీ, ఇది ఈ పూట రేటు. సాయంత్రం వస్తే నేను చెప్పలేను" అన్నాడు. జనరల్ బజారులో బంగారం కొట్టువాళ్ల దగ్గర వినాల్సిన మాట అది. సెప్టెంబరులో ఉన్న ధరకు ఇప్పుడు రెట్టింపు దాటింది.

కారణం మన ఊళ్లో లేదు. ప్రపంచంలో ర్యామ్ చిప్పులు చేసే పెద్దవాళ్లు ముగ్గురే: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లకు హెచ్‌బీఎం అనే ప్రత్యేకమైన మెమరీ కావాలి. అదీ ఇదే సిలికాన్ పలకల మీదే చేయాలి, పైగా మామూలు ర్యామ్‌కు పట్టేదానికి సుమారు మూడింతల సిలికాన్ మింగుతుంది. లాభమూ దానిలోనే ఎక్కువ. ఇక నీకూ నాకూ అమ్మే ర్యామ్ ఎవరికి కావాలి? డిసెంబరు 3న మైక్రాన్ ఆ మాట పైకే చెప్పేసింది. దాదాపు ముప్పై ఏళ్లుగా క్రూషియల్ అన్న పేరుతో అంగళ్లలో అమ్ముతున్న ర్యామ్, ఎస్‌ఎస్‌డీల వ్యాపారం నుంచి తప్పుకుంటానని, సరుకు ఫిబ్రవరి దాకానే పంపుతానని ప్రకటించింది. ఆ మైక్రాన్‌కి మన హైదరాబాదులోనే పెద్ద కేంద్రం ఉంది. అక్టోబరు 14న గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం కడతామంది, మనవాళ్లంతా సంతోషించాం. సంతోషించవలసిందే. కాకపోతే అలాంటివి ప్రపంచమంతా లేస్తున్నాయి కాబట్టే పార్క్‌లేన్‌లో ఆ అబ్బాయి పూటకో రేటు చెబుతున్నాడు.

కొత్త ఫ్యాక్టరీ కట్టి చిప్పు బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకని 2026లో లాప్‌టాప్‌లు, ఫోన్లు ప్రియమవడం పద్నాలుగణాలు. ధర పైకి పెంచకుండా, పన్నెండు జీబీ ఇవ్వాల్సిన చోట ఎనిమిది పెట్టి అదే రేటుకు అమ్మడం కూడా చూస్తావు, అదీ పద్నాలుగణాలే. 2027కు ముందు ధరలు కిందికి దిగకపోవడం పదణాలు. సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గించారు కదా, మళ్లీ తగ్గుతుందేమోనని ఆశపడకు. అప్పుడు తగ్గింది ఏసీలకు, 32 అంగుళాలు దాటిన టీవీలకు, గిన్నెలు కడిగే యంత్రాలకు: 28 శాతం నుంచి 18కి. లాప్‌టాప్‌లు, ఫోన్లు ముందూ 18 లోనే ఉన్నాయి, ఇప్పుడూ అక్కడే ఉన్నాయి. మీ నాన్న దసరాకి పెద్ద టీవీ కొని తానేదో గెలిచినట్టు కాలరెగరేశాడు. ఆ ఒక్క విషయంలో మా తమ్ముడు నిజంగానే గెలిచాడు.

పదహారు జీబీకి తగ్గి తీసుకోకు. ర్యామ్‌కి స్లాట్ ఉందా, బోర్డుకే అతికించేశారా అని అడుగు. అతికించినదైతే రేపు పెంచుకోవడం నీ చేతిలో ఉండదు. రంగు, సన్నదనం, మూత మీద బొమ్మ వీటి గురించి నేనేమీ అనను, అది నీ ఇష్టం.

ఇప్పుడు అసలు చెప్పదలచినది. ఏ వస్తువు కొన్నా ధర అడుగుతాం, వారంటీ అడుగుతాం. ఇకమీదట మూడోది కూడా అడుగు: ఇది పోయే తేదీ ఎప్పుడు? పాడైపోయే రోజు కాదు నేనడిగేది. వస్తువు బంగారంలా పనిచేస్తూ ఉండగానే, ఎక్కడో ఆఫీసులో ఎవరో "ఇక చాలు" అని నిర్ణయించే రోజు. ఈ 2025 నాకు ఎలా గుర్తుంటుందంటే, అలాంటి తేదీల సంవత్సరంగానే.

అక్టోబరు 14న విండోస్ 10కి భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. 2015 జులైలో వచ్చిన సరుకు, పదేళ్లు నడిచింది. పదేళ్లు తక్కువేమీ కాదు. చిక్కల్లా విండోస్ 11 దగ్గర వచ్చింది. దానికి టీపీఎం 2.0 అన్న భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరు ఉండాలన్నారు. అంటే 2017 నాటికి కొన్న చాలా లాప్‌టాప్‌లు, కీబోర్డు అరగక, తెర మసకబారక, ఆ ఒక్కరోజుతో పాతవైపోయాయి. ఇలా ఇరవై నాలుగు కోట్ల కంప్యూటర్లు చెత్తకు పోవచ్చని కానలిస్ అనే సంస్థ రెండేళ్ల కిందటే అంచనా కట్టింది. మైక్రోసాఫ్ట్‌ని నడిపే సత్య నాదెళ్ల మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివినవాడే. ఏం లాభం, తేదీ దగ్గర ఊరివాడన్న మొహమాటం పనిచేయదు.

నీ పాత లాప్‌టాప్ ఆ బాపతే. దాన్ని అమ్మేయకు, పడేయకు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ పెడితే 2026 అక్టోబరు దాకా అప్‌డేట్లు ఉచితంగా ఇస్తున్నారు. ఆ తర్వాత లైనక్స్ వేయిద్దాం. తాతయ్యకు భాగవత ప్రవచనాలు, పేపరు, వీడియో కాల్. ఈ మూడింటికీ అది ఇంకో ఐదేళ్లు సరిపోతుంది.

మే 5న స్కైప్ మూతపడింది. నీకు దాని విలువ తెలియదు. 2005, 2010 ప్రాంతాల్లో మారేడ్‌పల్లిలో, మన వీధిలో, పిల్లలు అమెరికా వెళ్లిన ప్రతి ఇంట్లో ఆదివారం పొద్దున తలదువ్వుకుని, మంచి చీర కట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు. మనవడి మొదటి అడుగులు ఆ తెర మీదే చూసిన వాళ్లున్నారు. మైక్రోసాఫ్ట్ దాన్ని 2011లో 850 కోట్ల డాలర్లు పోసి కొని, పద్నాలుగేళ్లకు దీపం ఆర్పింది. వాట్సాప్ వచ్చాక ఎవరూ వాడటం లేదుగా అంటావు. నిజమే. కానీ పాత మాటలు, ఫొటోలు దాంట్లో ఉండిపోయిన వాళ్లు జనవరి లోపల దించుకోకపోతే చెరిపేస్తామన్నారు. మీ నాన్నకు అందులో ఖాతా ఉంది. ఈ వారంలోనే దించుకోమను, నేను చెప్తే వినడు.

ఇదంతా చదివి, "అత్తయ్యకు పాతకాలమే గొప్ప" అనుకోకు. మీ తాతయ్య కొన్న ఈసీ టీవీ, మన ఈసీఐఎల్‌ది, చెక్క డబ్బాకు షట్టర్లున్నది, కొన్ని నెలల జీతం మింగింది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైనా, మనింటికి టీవీ రావడానికి చాలా ఏళ్లు పట్టింది. బొమ్మ గిర్రున తిరిగేది, మధ్యలో అంతరాయమని బోర్డు పెట్టేవాళ్లు. అయితే ఆ కంపెనీ టీవీలు చేయడం మానేశాక కూడా మనింటి టీవీ నడిచింది, ఎందుకంటే దాన్ని ఆపే మీట ఆ కంపెనీ దగ్గర లేదు. సనత్‌నగర్ ఆల్విన్ సంగతీ అంతే. ఫ్రిజ్‌ల వ్యాపారం 1990ల తొలినాళ్లలో వోల్టాస్‌కి పోయినా, ఇళ్లలోని ఆల్విన్ ఫ్రిజ్‌లకు ఆ కబురు తెలియదు, చల్లగా పనిచేస్తూనే ఉన్నాయి. మెకానిక్ వచ్చి, కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే కెపాసిటర్ వేసి పోయేవాడు.

చందా కట్టడం కూడా మీ తరం కనిపెట్టిందేమీ కాదు. 1980ల మధ్య దాకా రేడియోకి ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టి పుస్తకం మీద ముద్ర వేయించుకునేవాళ్లం. కట్టని వాళ్లూ ఉండేవారు. వాళ్ల రేడియో మాత్రం దానంతటది నోరు మూసుకునేది కాదు.

చందా అంటే గుర్తొచ్చింది. ఈ ఏడాది నీకు అడక్కుండానే వరుసగా ఏఐ కానుకలు వచ్చాయి. జులైలో ఎయిర్‌టెల్ వాళ్లకు పర్‌ప్లెక్సిటీ ప్రో ఏడాది ఉచితం. అక్టోబరు ఆఖర్న జియో వాళ్లకు గూగుల్ జెమినై ప్రో పద్దెనిమిది నెలలు, విలువ 35,100 రూపాయలని వాళ్లే చెప్పుకున్నారు. నవంబరు 4 నుంచి చాట్‌జీపీటీ గో, అంతకు ముందు నెలకు 399 ఉన్నది, ఏడాది ఉచితం. ఇంత దానం ఎందుకు చేస్తున్నారో తెలుసుకోవాలంటే 2016 సెప్టెంబరు 5 గుర్తుచేసుకో. ఆ రోజు జియో మొదలైంది, అంతా ఉచితమన్నారు. సికింద్రాబాదులో సిమ్‌ల కోసం కట్టిన క్యూలు తత్కాల్ క్యూలను తలదన్నాయి. 2017 మార్చి ఆఖరుకు ఉచితం అయిపోయింది. ఈలోగా జనానికి డేటా లేకుండా గడవని స్థితి వచ్చింది, చిన్న కంపెనీలు చాలావరకు పోయాయి, 2024 జులైలో అందరూ కూడబలుక్కున్నట్టు రేట్లు పెంచారు.

ఈ కొత్త కానుకలూ ఆ దారినే నడుస్తాయని పదిహేనణాలు వేశాను. నా లెక్కన వచ్చే జులైకి ఒకటి ముగుస్తుంది, నవంబరుకు ఇంకొకటి, 2027 వేసవికి మూడోది. ఉచితంగా మిగిలిన దానిలో ప్రకటనలు దూరడం పన్నెండణాలు. వాడొద్దని నేననను, నేనూ వాడుతున్నాను. రైల్వే పెన్షన్ సర్క్యులర్లు తెలుగులో విడమరిచి చెప్పమంటే బాగానే చెబుతుంది, ఒక్కోసారి లేని రూల్ కూడా కల్పిస్తుంది. నువ్వు చేయాల్సింది ఏమిటంటే, ఉచితానికి ఒప్పుకున్నప్పుడు కార్డో యూపీఐయో అడిగి ఉంటే, ఫోన్ తీసి యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోట చూడు. ఎన్ని అనుమతులు ఇచ్చావో చూస్తే నీకే ఆశ్చర్యం వేస్తుంది. ఒక్క ఆగస్టులోనే దేశంలో రెండు వేల కోట్ల యూపీఐ లావాదేవీలు దాటాయి, అందులో నీ 399 పోయినా ఎవరికీ తెలియదు, నీకు కూడా. అక్కర్లేనివి రద్దు చెయ్యి, మిగిలిన వాటి ముగింపు తేదీ క్యాలెండర్లో రాసుకో. నీ నోట్సు, ఇంటర్వ్యూలకు రాసుకున్నవి, ఆ యాప్‌లోనే వదిలేయకుండా ఒక ప్రతి నీ దగ్గర పెట్టుకో.

మిగతా జోస్యాలు గబగబా చెప్పేస్తాను. మెటా వాళ్ల రేబాన్ కళ్లజోళ్లు మేలో మన దేశానికి వచ్చాయి, 29,900 నుంచి. వచ్చే ఏడాది ఇవి మధ్యతరగతి ముక్కుల మీదికి ఎక్కడం నాలుగణాలు. గూగుల్ గ్లాస్ 2015లో అమ్మకం ఆపేశారు, త్రీడీ టీవీలు 2017 నాటికి అందరూ చేయడం మానేశారు. ముఖానికి ఏదైనా తగిలించుకోమంటే జనం ఒప్పుకోరు. పెళ్లిలో ఎదురుగా ఉన్నవాడు మనల్ని చూస్తున్నాడో, వీడియో తీస్తున్నాడో తెలియకపోతే ఎవరికి మాత్రం ముద్ద దిగుతుంది? స్టార్‌లింక్‌కి జూన్‌లో లైసెన్సు వచ్చింది, 2026లో కనెక్షన్లు ఇవ్వడం పదణాలు. అయితే వీధికి నాలుగు ఫైబర్ వైర్లు వేలాడే మనకు దాంతో పనిలేదు. పాడేరు, ఉట్నూరు వైపు కొండల్లో బడులకు వస్తే పండగే. వాట్సాప్ వెబ్ ఆరు గంటలకోసారి దానంతటదే లాగౌట్ కావాలని నవంబరు ఆఖర్న టెలికాం శాఖ ఆదేశం ఇచ్చింది, తొంభై రోజుల గడువు. అది చెప్పినట్టే అమలు కావడం ఏడణాలు, ఎందుకంటే ఫోన్లలో సర్కారు వారి సంచార్ సాథీ యాప్ తప్పనిసరి అన్న ఆదేశం కూడా ఆ రోజుల్లోదే, బయటికి వచ్చిన రెండు రోజులకే వెనక్కి తీసుకున్నారు. ఎయిర్‌పాడ్స్ కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ చేస్తోంది కాబట్టి మనకు చవగ్గా దొరుకుతాయనుకోవడం ఒక్క అణా. ఎగుమతికి చేసేది ఎగుమతి ధరకే.

సర్కారు వారి జోస్యాలను కూడా అణాల తూకం వేయాలి. నువ్వు చిన్నపిల్లవి, 2011 అక్టోబరు 5న కపిల్ సిబల్ గారు ఆకాశ్ టాబ్లెట్ విడుదల చేశారు. ప్రపంచంలోకెల్లా చౌక, సర్కారుకు 2,276 రూపాయలకే, ప్రతి విద్యార్థి చేతికీ అన్నారు. డేటావిండ్ కంపెనీది, కూర్చింది మన హైదరాబాదులోనే. నేనూ గర్వపడ్డాను. లోపల 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 ఎంబీ ర్యామ్, వేలితో గట్టిగా నొక్కితే తప్ప కదలని తెర. వేడెక్కుతోంది, బ్యాటరీ నిలవడం లేదు అన్నారు. లక్ష ఆర్డరిస్తే అందులో కొద్దిభాగమే అందింది, మిగిలింది గొడవల్లో పడింది. ప్రతి పిల్ల చేతిలో తెర ఉంటుందన్న జోస్యం మాత్రం నిజమైంది, పదేళ్ల తర్వాత, కరోనా పుణ్యమా అని, వేరే కంపెనీల ఫోన్ల మీద. ఏది వస్తుందో చెప్పడం పెద్ద కష్టం కాదు. ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా, ఎంతకు అన్న దగ్గరే జోస్యాలు బోల్తా పడతాయి.

ఇక నీ ఫోన్. రెండేళ్లది, తెర పగల్లేదు, కెమెరా బాగుంది. బ్యాటరీ సాయంత్రానికి చస్తోందని కదూ నీ బాధ? బ్యాటరీ మార్పించు, కంపెనీ సర్వీస్ సెంటర్లోనే, బిల్లుతో. తర్వాత ఎప్పుడో కొనేటప్పుడు "ఎన్నేళ్లు అప్‌డేట్లు" అని అడుగు. గూగుల్ పిక్సెల్ 8 నుంచి, శాంసంగ్ ఎస్24 నుంచి ఏడేళ్లు ఇస్తామంటున్నారు. చౌక ఫోన్లలో ఆ మాట అడిగితే సేల్స్‌మన్ కెమెరా గురించి మాట్లాడతాడు. ఐరోపాలో మొన్న జూన్ 20 నుంచి చట్టమే తెచ్చారు: అమ్మకం ఆపాక ఐదేళ్లు అప్‌డేట్లు, ఏడేళ్లు విడిభాగాలు ఇచ్చి తీరాలి. మన దగ్గర కూడా రిపేరుకు ఎంత అనువో డబ్బా మీద మార్కులు వేయాలని ఒక కమిటీ మేలో కేంద్రానికి నివేదిక ఇచ్చింది. ఏసీ మీద నక్షత్రాలు చూసి కొన్నట్టు వచ్చే డిసెంబరుకు ఫోన్ డబ్బా మీద ఆ మార్కులు చూసి కొంటామా? ఐదణాలు. రావాలని మాత్రం నాకు పదహారణాల కోరిక.

ఇంకొక్కటి, డబ్బుతో కొనేది కాదు. డిజిటల్ అరెస్టు అంటూ ముసలివాళ్లను వీడియో కాల్లో కూర్చోబెట్టి దోచేస్తున్న కేసులు ఎంత పెరిగాయంటే, డిసెంబరు 1న సుప్రీంకోర్టు ఆ దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. వచ్చే ఏడాది నీ గొంతుతోనే ఎవరో మీ అమ్మకు ఫోన్ చేసి, యాక్సిడెంట్ అయింది డబ్బు పంపు అనడం సాధ్యమే. మనింటికే వస్తుందని కాదు కానీ, మన బంధువుల్లో ఎవరో ఒకరికి రావడం తొమ్మిదణాలు. ఇంట్లో వాళ్లకే తెలిసిన ప్రశ్న ఒకటి అనుకుందాం, ఫోన్లో గానీ వాట్సాప్‌లో గానీ కాకుండా నువ్వొచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని. సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 నంబరు తాతయ్య మంచం పక్క గోడ మీద పెద్దక్షరాలతో రాసి అంటించాను.

సంక్రాంతికి రిజర్వేషన్ చేయించుకున్నావా? ఇప్పుడు అరవై రోజుల ముందు నుంచే ఇస్తున్నారు కాబట్టి మునుపటిలా నాలుగు నెలల ముందే చేసుకుని నిశ్చింతగా ఉండటానికి లేదు. వెయిటింగ్ లిస్టులో ఉంటే తత్కాల్ దాకా ఆగకుండా మీ యశ్వంత్‌పూర్ నుంచి కాచిగూడ వచ్చే వందే భారత్ చూడు. మన సికింద్రాబాద్ స్టేషన్ పాత భవనం పడగొట్టి కొత్తది కడుతున్నారు, అటు దిగితే ఆటో దొరకడమే గగనం. వచ్చేటప్పుడు పాత లాప్‌టాప్ చార్జరుతో సహా తీసుకురా, పోయినసారిలా చార్జరు అక్కడే వదిలేసి రాకు. కొత్తది కొనే ముందు మోడల్ పేరు, ర్యామ్ ఎంతో, స్లాట్ ఉందో లేదో నాకు రాసి పంపు. సీటీసీలో దాని రేటు ఎంత పలుకుతోందో కనుక్కుని రాత్రికి చెబుతాను.

ఇట్లు,
మీ అత్తయ్య